దీపాల గోడ లలితకుమారి

"కాదన్నయ్యగారూ, మంట కాదు. మంట అని రాశారంటే నేనొప్పుకోను."

లలితకుమారి ఒలుస్తున్న బఠాణీకాయను పళ్ళెంలో వదిలేసి, చేతులు కొంగుకు తుడుచుకుంది. ఎదుటి కుర్చీలో కూర్చున్న కేశవరావుగారు రాసిన మాట కొట్టేసి, కలం పట్టుకుని బుద్ధిగా ఎదురు చూశారు. రైల్వే ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. సైన్సు బళ్ళో చదివింది తక్కువే. మిగతాదంతా పాత పుస్తకాలు కొనుక్కుని, తెలిసినవాళ్ళను ఓపిగ్గా అడిగి, సొంతంగా నేర్చుకున్నదే. ఢిల్లీ పక్కన వైశాలిలోని తెలుగువాళ్ళు ఏటా ఒక సంచిక వేసుకుంటారు. మన మధ్యనే ఉంటూ మనకు తెలియని మనుషుల గురించి ఈసారి అందులో రాద్దామని, ముందుగా వెనక వీధిలో ఉన్న ఈమె ఇంటికి వచ్చారు.

"మరేమనమంటావమ్మా?"

"వెలుగనండి. కాల్చే వెలుగు."

ఆమె పనిచేసేది నగరం పొలిమేరలో ఉన్న ఒక పరిశోధనశాలలో. దాని పేరు రాయొద్దంది. అంతరిక్షం నుంచి తిరిగివచ్చే నౌక గాలిలోకి చొరబడేటప్పుడు దానికి తగిలే వేడిని నేల మీదే పుట్టించి, నౌకకు తొడిగే కవచం దాన్ని తట్టుకుంటుందో లేదో చూడటం అక్కడి పని. గాలి ఒరుసుకుంటే వేడి పుడుతుందని కేశవరావుగారికి తెలుసు. ఆమె చెప్పేది అది కాదు. నౌక మరీ వేగంగా దూసుకొస్తే దాని ముందున్న గాలి నలిగి, కాగి, తానే దీపంలా వెలగడం మొదలుపెడుతుంది. కాగిన గాలి ఒంటికి సోకడం ఒక ఎత్తు, ఆ వెలుగు మీద పడటం ఇంకో ఎత్తు. తందూరు ముందు నిలబడితే మంట తాకకుండానే బుగ్గలు చురుక్కుమంటాయే, అలాగన్నమాట. లలితకుమారి పని ఆ రెండో ఎత్తుతో.

అయినా కేశవరావుగారి ముఖంలో ఇంకా కాస్త సందేహం కనబడితే, ఆమె వాళ్ళ నాన్న సంగతి ఎత్తింది. తండ్రి త్యాగరాజు రేపల్లె ప్రాంతంలో ఒక టూరింగ్ టాకీసులో ప్రొజెక్టరు నడిపేవాడు. చిన్నప్పుడు ఆమె ఆ ఇరుకు గదిలో రీళ్ళ డబ్బా మీద కూర్చుని సినిమా కంటే ప్రొజెక్టరునే ఎక్కువ చూసేది. రీలు కదులుతున్నంతసేపూ ఫిల్ముకు ఏమీ కాదు. ఎక్కడో చిక్కుకుని ఒక్క క్షణం ఆగిందా, తెర మీద నాయిక బుగ్గ మీద గోధుమరంగు మచ్చ ఒకటి లేచి, పొంగి, బొమ్మ మొత్తం చూస్తుండగానే కరిగి కారిపోయేది. జనం ఈలలు, కేకలు. త్యాగరాజు తిట్టుకుంటూ కాలిన ముక్క కత్తిరించి అతికించేవాడు. ఆ గదిలో ఎక్కడా మంట లేదు. కాల్చింది వెలుగే. ఆ పాఠం ఆమెకు పుస్తకం కంటే ముందే అబ్బింది.

గుంటూరులో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసింది. కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తాగా ఉన్న సదాశివరావును పెళ్ళాడి ఢిల్లీ వచ్చింది. జనక్‌పురిలో అద్దె గది, చేతకాని హిందీ, చలికాలంలో బకెట్లో మంచుముద్దలా నీళ్ళు. ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళిన రోజున, నీకేం వచ్చని అడిగితే, "దీపాలు వచ్చండి" అందట. ఇంటర్వ్యూ చేసిన ముగ్గురూ నవ్వారట. నవ్వినా తీసుకున్నారు.

ఆ దీపాలతోనే ఆమె ఉద్యోగమంతా గడిచింది. పరీక్షగదిలో నిలువెత్తు చట్రానికి వరసలు వరసలుగా బిగించిన సన్నటి గొట్టపు దీపాలు. వెనక బంగారుపూత పూసిన రేకులు, ఆ రేకులు కరిగిపోకుండా వాటి వెనక ప్రవహించే నీళ్ళు. స్విచ్చి వేస్తే మొదట ఎర్రటి గీతలు, ఆ తరువాత తెలుపు, ఆపైన నల్లద్దం లేకుండా చూడలేని తెలుపు. అందరూ దాన్ని ఇంగ్లీషులో ఏదో పెద్ద పేరుతో పిలుస్తారు. ఆమె ఒక్కతే 'గోడ' అంటుంది. చివరికి డైరెక్టరు దగ్గర్నుంచి క్యాంటీన్ దాకా ఆ పేరే మిగిలింది. గోడలో దీపం మార్చాలంటే ఆమె చేతికి నూలు తొడుగులు వేసుకోవాల్సిందే, ఉంగరాలు తీయాల్సిందే. వేలిముద్ర పడిన చోటే ఆ గాజు తెల్లబారి చిట్లుతుంది. కొత్తగా వచ్చిన ఇంజనీర్లు మొదటివారం నవ్వుతారు. ఒక దీపం పేలిన తరువాత వాళ్ళే తొడుగులు అడిగి పుచ్చుకుంటారు.

"నేను గొప్ప చెప్పుకోవట్లేదండీ. కానీ ఆ గోడ ఎప్పుడు హాయిగా ఉందో, ఎప్పుడు ఆయాసపడుతోందో నాకు తెలుసు," అంది.

ఆయాసపడిన రోజు గురించే కేశవరావుగారు వినాలనుకున్నది.

కొన్నేళ్ళ కిందట ఒక శరత్కాలంలో హైదరాబాదు నుంచి మైథిలి అనే అమ్మాయి రెండు నమూనా పలకలు పట్టుకుని వచ్చింది. వరంగల్ పిల్ల. అరచేతంత పలక కోసం ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ పొయ్యిల దగ్గరే బతికింది. నౌకకు వెలుగు ఎక్కువగా పడే చోట తొడగడానికి తయారుచేసిన పదార్థం అది. పరీక్ష నెగ్గితే ముందుకు వెళుతుంది. ఓడితే ఆ తయారీ అంతటితో మానేసి, కవచం విదేశాల నుంచి కొనుక్కుంటారు. నిర్ణయం ఆ వారాంతంలో జరిగే సమావేశంలోనే. అంతా ఆ ఒక్క పరీక్ష మీద ఆధారపడి ఉంది.

ఇక్కడ పరీక్ష జరిగే తీరు కాస్త చెప్పుకోవాలి. పలక పక్కనే ఒక రాగి గేజి బిగిస్తారు. పలక మీద ఎంత వెలుగు పడుతోందో కొలిచి చెప్పేది అదే. కావలసిన అంకె గేజి చూపించేదాకా కంప్యూటరు దీపాలకు పవరు పెంచుకుంటూ పోతుంది. అంకె రాగానే అక్కడ ఆపి నిలబెడుతుంది. గేజి ఎంతంటే అంత. దాని మాటే వేదం.

ఆ రోజు దీపాలు వెలిగాయి. గేజి అంకె నెమ్మదిగా పెరిగింది. లలితకుమారి నల్లద్దంలోంచి చూస్తూ ఎందుకో కళ్ళు చిట్లించుకుంది. ఆ అద్దంలోంచి ఎన్నడూ చిట్లించుకోలేదు. పవరు మీటరు వైపు చూస్తే, ముల్లు ఎప్పుడూ నిలిచే చోటు దాటి అవతల ఎక్కడో ఉంది. నోరు తెరిచేలోపే పలక మీద పొక్కులు లేచాయి. టక్కుమని ఒక పగులు. వెనకవైపు వేడి హద్దు దాటిందని కంప్యూటరు కూత పెట్టింది.

విభాగాధిపతి మనోహర్ చెడ్డవాడు కాదు, తొందరపాటు మనిషి కూడా కాదు. కానీ కళ్ళెదుట పగిలిన పలక ఉంది. ఫెయిల్ అనక తప్పలేదు. మైథిలి బయట మెట్ల మీద కూర్చుంది. లలితకుమారి చాయ్ తెచ్చి పక్కన కూర్చుంటే, ఆ పిల్ల గ్లాసు అందుకుని తాగకుండా పట్టుకుంది.

"మా దగ్గర పొయ్యిల ఇంతకన్న ఎక్కువ వేడి సూసింది మేడమ్, ఈ పలక. ఏం కాలే. ఈడ ఎట్ల పగిలిందో నాకు సమజైతలేదు."

ఓదార్చడానికి ఏదో అనబోయిన లలితకుమారి ఆగిపోయింది. ఆ మాటా, మీటరు ముల్లూ, తన చిట్లించిన కళ్ళూ, మూడూ ఒకచోటికి చేరి కూర్చున్నాయి. పరీక్షలో వెలుగు చాలినంత పడలేదని గేజి అంది. తన కళ్ళేమో ఎక్కువ పడిందన్నాయి. ఇద్దరిలో ఎవరో ఒకరు తప్పు.

లోపలికి వెళ్ళి మనోహర్‌తో చెప్పింది. దీపాలు పాతబడి పవరు ఎక్కువ తాగుతున్నాయేమో అన్నాడాయన. దీపాలు మొన్ననే మార్చాం సార్ అంది. గేజికి కొత్తగా సరిచూసిన స్టిక్కరు ఉంది కదా అన్నాడు. ఉంది. ఆ మాటా నిజమే. స్టిక్కరు ఉన్నది వీపు మీద. ముఖం ఎవరూ చూడలేదు.

తొడుగులు వేసుకుని, చేతిదీపం పట్టుకుని పరీక్షగదిలోకి వెళ్ళి గేజి ముందు వంగింది. ఎప్పుడూ బొగ్గులా ఉండే దాని ముఖంలో ఆమె నుదుటి బొట్టు కనబడింది. అద్దంలో చూసుకున్నట్టు.

ఎవరి పనో ఆమెకు ఆ నిమిషంలోనే తెలిసిపోయింది. పది రోజుల ముందు విశ్వకర్మ పూజ అయింది. ఉత్తరాదిన ఆ రోజు యంత్రాలకు పండుగ. కార్ఖానాల్లో, లాబుల్లో పనిముట్లన్నీ కడిగి, బొట్టుపెట్టి, దారం కట్టి, లడ్డూలు పంచుతారు. వర్క్‌షాపు మిస్త్రీ దశరథ్‌కు ఆ పూజంటే ప్రాణం. బులంద్‌శహర్ మనిషి. పానాల నుంచి ఇత్తడి నట్ల దాకా చింతపండు, ముగ్గు పెట్టి తోమి, వరసలో పేర్చి, పెళ్ళివారి ముందు పీట వేసినట్టు తృప్తిగా చూసుకుంటాడు. ఏటా గేజి బీరువాలో భద్రంగా ఉండేది. ఈసారి బయట సరిచూడటానికి పంపినది ఆ ముందురోజే తిరిగొచ్చి బల్ల మీద ఉంది. రాగి వస్తువు, ముఖం నిండా మసి. పాపం బయటివాళ్ళు మురికి చేసి పంపారనుకున్నాడు. ముచ్చటపడి తోమేశాడు.

నలుపు వెలుగును తాగుతుంది. మెరుపు తిప్పికొడుతుంది. మెరిసే ముఖంతో గేజి తన మీద పడ్డ వెలుగులో చాలావరకు తిప్పికొట్టి, ఇంకా రాలేదు, ఇంకా రాలేదు అంటూ పోయింది. పెళ్ళిలో ఎవరో విస్తరిలోది వెంట వెంటనే పక్కకు నెట్టేస్తుంటే, ఖాళీగా ఉందని వడ్డించేవాడు పంక్తి మొత్తానికీ వడ్డిస్తూనే ఉన్నట్టు. తిని కడుపు పగిలింది మాత్రం పక్కన కూర్చున్న పలకకు.

కేశవరావుగారు ఈ పోలిక విని నవ్వబోయి, ఆమె నవ్వడం లేదని చూసి ఊరుకున్నారు.

నవ్వే సంగతి కాదది. గోడకు ఇన్‌చార్జి ఆమె. ఈ మాట బయటపెడితే, బయటివాళ్ళ ముందు తప్పు లాబుది అవుతుంది. పెట్టకపోతే ఓడిన పలక ఓడినట్టే ఉంటుంది. అడిగేవాడు లేడు. మనోహర్ ఆమె చెప్పిందంతా విన్నాడు. ఆ తరువాత, ఒకసారి ఇలా అన్నామంటే ఇంతకుముందు చేసిన పరీక్షలన్నిటి గురించీ అడుగుతారు, ఆలోచించుకున్నావా అన్నాడు.

"అడగనీయండి సార్. పూజ అయ్యాక చేసిన పరీక్ష ఇదొక్కటే. అంతకుముందు గేజి నల్లగానే ఉంది. వాటికి జవాబుంది. దీనికే లేదు. పలక ఓడిపోలేదు సార్, మన గేజి అబద్ధం చెప్పింది."

ఆమె గొంతు పెంచలేదట. పెంచాల్సిన అవసరం రాలేదట. మనోహర్ తల ఊపి, అయితే రెండో పలకతో మళ్ళీ చేసి చూపించు అన్నాడు, సమావేశానికి ముందే.

అక్కడొచ్చింది చిక్కు. గేజి ముఖానికి పూసే నల్ల రంగు మామూలు రంగు కాదు. బయటి దేశం నుంచి రావాలి, వారాలు పడుతుంది. బజారు రంగు పూస్తే ఆ వెలుగుకు పొక్కి ఊడిపోతుంది. ఇంకో గేజి సరిచూడటానికి వెళ్ళి ఉంది. లలితకుమారి ఆ సాయంత్రం ఇంట్లో దీపం పెట్టి హారతి ఇచ్చి, హారతి పళ్ళెం కిందపెట్టబోతూ ఆగింది. పళ్ళెం మధ్యలో కర్పూరపు మసి. వేలు పెడితే వేలికి అంటింది. నూనె జిడ్డు లేదు, మెరుపు లేదు, పొడి నలుపు. దాని మీద పడిన దీపపు వెలుగు తిరిగి రావడం లేదు.

మర్నాడు మనోహర్‌తో చెబితే ఆయన ముఖం విప్పారింది. పాతకాలంలో ఇలాంటి కొలమానాలకు కర్పూరపు మసే పట్టించేవారని తాను కాలేజీలో చదివానని, ఈ జన్మలో పనికొస్తుందనుకోలేదని అన్నాడు. సరే చేయండి, కానీ సరిచూసి తీరాలి అన్నాడు.

దశరథ్‌ను పిలిచింది. సంగతి అప్పటికే అతని చెవిన పడింది. తలుపు దగ్గరే నిలబడిపోయాడు. ఎన్నో ఏళ్ళుగా ఏ వస్తువూ పాడుచెయ్యని చేతులను వెనక్కి పెట్టుకుని, లోపలికి రానన్నాడు. మీరు నా పేరు రాసి ఇచ్చేయండి మేడమ్‌జీ అన్నాడు. ఆమె పేరు మాటెత్తకుండా, కర్పూరం పొట్లం అతని చేతిలో పెట్టింది.

"దశరథ్ భయ్యా, చేతులు వణక్కుండా పట్టుకునేది ఈ లాబులో మీరొక్కరే. రండి."

పొగ లాగే పెట్టెలో ఇత్తడి గిన్నె పెట్టి కర్పూరం వెలిగించారు. గేజి ముఖం ఆ పొగ మీద తిప్పుతూ పట్టాడు దశరథ్. మొదటిసారి మందంగా పట్టి, ఊపిరి తగిలితే రాలిపోయింది. తుడిచి మళ్ళీ పట్టాడు. ఈసారి పల్చగా, సమంగా, ముఖమంతా. పని చేస్తూ చేస్తూ తనలో తాను నవ్వుకున్నాడు.

"జిందగీ భర్ చమ్‌కాయా మేడమ్‌జీ. ఆజ్ కాలా కర్ రహా హూఁ."

బతుకంతా మెరిపించినవాడు ఈరోజు నల్లబరుస్తున్నాడు. ఆ మాటతో అతనికీ ఆమెకూ ఊపిరాడింది.

గేజిని మళ్ళీ బిగించి దీపాలు కొద్దికొద్దిగా పెంచారు. పూజకు ముందు పరీక్షల్లో ఏ పవరుకు ఏ అంకె వచ్చేదో, అదే వచ్చింది. మీటరు ముల్లు తన పాత చోటికి వచ్చి నిలబడింది. గోడ ఆయాసం తగ్గింది. అప్పుడు రెండో పలక పెట్టారు. మైథిలి నల్లద్దం దగ్గరికి రానంది. గోడకు వీపు తిప్పి నిలబడి, లలితకుమారి ముఖమే చూస్తూ ఉంది. పలక ఎర్రబడింది, తెల్లబడింది, అంచులు అట్టు అంచుల్లా నల్లబారాయి. పగలలేదు. వెనక వేడి హద్దులోనే ఉండిపోయింది. దీపాలు ఆరాక లలితకుమారి తల ఊపింది. ఆ పిల్ల అప్పుడు వెనక్కి తిరిగి చూసింది. అంతే, ఏడవలేదు, కేక పెట్టలేదు. చల్లారిన పలకను చేతిలో పెట్టించుకుని, "నా బిడ్డ గట్టిదే మేడమ్," అంది.

సమావేశంలో లలితకుమారే లేచి మొదటి పరీక్ష ఎందుకు చెల్లదో చెప్పింది. రెండోదానికి లెక్కలన్నీ మనోహర్ చూపించాడు. బయటినుంచి వచ్చిన అధికారి ఒకాయన, గేజి ముఖం తోమింది ఎవరని అడిగాడు. మా లాబే అంది. పేరు కావాలన్నాడు.

"నేను ఇన్‌చార్జిని సార్. లలితకుమారి. స్పెల్లింగ్ చెప్పనా?"

ఆయన రాసుకోలేదట. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, తరువాతి విషయానికి వెళ్ళిపోయాడు. పలక ముందుకు వెళ్ళింది. మైథిలి ఇప్పటికీ కొత్త నమూనా ఏది చేసినా ముందు ఈ గోడ దగ్గరికే పట్టుకొస్తుంది. మాటల మధ్య ఒక్కోసారి మేడమ్ మరిచిపోయి ఆంటీ అనేస్తుంది.

ఇప్పుడు ఆ లాబులో ఏ పరీక్షకైనా ముందు, స్విచ్చి వేసేవాళ్ళు ఎవరైనా సరే, నల్లగా ఉందా అని బిగ్గరగా ఒక మాట అడగాలి: "కాలా హై?" గేజి ముఖం కళ్ళారా చూసినవాడు "కాలా హై" అనాలి. ఆ తరువాతే దీపం. ఈ పద్ధతి ఎవరు పెట్టారో కొత్తవాళ్ళకు తెలియదు. విశ్వకర్మ పూజ మాత్రం మానలేదు. గేజి బీరువా తలుపుకు బొట్టు పెడతారు, అంతే.

చెప్పడం అయింది. పళ్ళెం నిండా బఠాణీలు, పక్కన తొక్కల కుప్ప. లలితకుమారి ముఖంలో అలసట లేదు. బాగా వెలిగి ఆరిన దీపం దగ్గర ఉండే వెచ్చదనం లాంటిది ఏదో ఉంది. కేశవరావుగారు రాసుకున్నది సర్దుకుని, ఒకటే సందేహం అమ్మా అన్నారు. ఆ రోజు పేరు చెప్పనిదానివి, ఇవాళ నాకెందుకు చెప్పావు, దశరథ్ పేరు రాయమంటావా, మార్చమంటావా అని అడిగారు.

ఆమె లేచి తొక్కలు ఎత్తి చెత్తడబ్బాలో వేసి, చేతులు కడుక్కుని వచ్చింది.

"ఆ రోజు అడిగినాయన శిక్ష వేయడానికి అడిగాడండీ. మీరు మనిషి గురించి రాయడానికి అడిగారు. కాలా హై అని రోజూ లాబంతా అరుస్తుంది కదా, అది ఎవరి మూలాన వచ్చిందో ఒక్క చోటైనా ఉండాలి. కానీ పేరు నాది కాదు, ఇచ్చేయడానికి." తలుపు తీసి పట్టుకుని, గొంతు కాస్త తగ్గించింది. "ఆయనిప్పుడు రిటైరై లోనీలో కొడుకు దగ్గర ఉంటున్నారు. అచ్చు వేయించే ముందు మీరు రాసింది పట్టుకెళ్ళి, హిందీలో చదివి వినిపించండి. తోమిన ముక్క దగ్గర తొందరపడి దాటేయకండి, ఆగండి. ఆయన ఠీక్ హై అంటే ఉంచండి. మొహం చిన్నబుచ్చుకుంటే అక్కడికక్కడే కొట్టేయండి, నా కథ కూడా వేయొద్దు. వెళ్ళి రండి అన్నయ్యగారూ, ముందు ఆ పని చూడండి."